తెలుగుకి పని చెబుదాం: పిల్లలతో ఇంట్లో ఒక రోజు

మన ఇళ్ళల్లో మూడేళ్ళ పిల్లలు తెలుగులో గలగలా మాట్లాడతారు. ఐదేళ్ళకి కిండర్‌గార్టెన్‌లో చేరతారు. ఆ ఏడు క్రిస్మస్ సెలవలు వచ్చేసరికి మనం తెలుగులో అడిగితే వాళ్ళు ఇంగ్లీషులో జవాబు చెప్పడం మొదలవుతుంది. రెండో తరగతికి వచ్చాక అక్కా తమ్ముడూ తమలో తాము ఇంగ్లీషులోనే ఆడుకుంటారు, ఇంగ్లీషులోనే పోట్లాడుకుంటారు. ఇంకో నాలుగేళ్ళకి, "మావాడికి తెలుగు అర్థమవుతుందండీ, మాట్లాడడు, అంతే" అని ఇండియా నుంచి వచ్చిన చుట్టాలకి మనం చెప్పుకుంటూ ఉంటాం. అమెరికాలో ఏ ఊళ్ళో ఏ తెలుగువాళ్ళని కదిలించినా కొద్ది తేడాలతో ఇదే కథ.

దీనికి పిల్లల బద్ధకాన్నో, మన అశ్రద్ధనో తిట్టుకుని లాభం లేదు. బళ్ళో పిల్లలు ఇంగ్లీషుతో లెక్కలు చేస్తారు, విత్తనం ఎందుకు మొలుస్తుందో తెలుసుకుంటారు, ఆటలో తొండి చేసినవాడితో వాదిస్తారు. ఇంట్లో తెలుగుతో వాళ్ళు చేసే పనులేమిటి? ఒక రోజంతా మనం పిల్లలతో అన్న మాటల్ని కాగితం మీద రాసుకుని చూస్తే తెలుస్తుంది. లే, పళ్ళు తోముకో, పాలు తాగు, బూట్లు వేసుకో, టీవీ కట్టెయ్యి, అన్నం తిను, పడుకో. దాదాపు అన్నీ ఆజ్ఞలే. ఆజ్ఞకి నోటితో జవాబు చెప్పక్కర్లేదు, లేచి ఆ పని చేస్తే చాలు. అందుకని పిల్లల తెలుగు నాలుగేళ్ళ వయసు దగ్గరే ఆగిపోతుంది. వాళ్ళ బుర్ర మాత్రం ఏడేళ్ళదీ ఎనిమిదేళ్ళదీ అవుతూనే ఉంటుంది. ఎదిగిన బుర్రకి ఎదగని భాష చాలదు కనక, చాలిన భాషలోకి వాళ్ళు వెళ్ళిపోతారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో పనిచేసిన లిలీ వాంగ్ ఫిల్‌మోర్ అనే భాషావేత్త 1991లో ఈ విషయం మీద ఒక పరిశోధనా వ్యాసం ప్రచురించారు. అమెరికాకి వలస వచ్చిన కుటుంబాల్లో పిల్లలు చిన్నప్పుడే ఇంగ్లీషు బడుల్లో పడితే ఇంటి భాష ఎలా జారిపోతుందో అందులో చూపించారు. ఆవిడ బాధంతా పదాల సంఖ్య గురించి కాదు. తల్లిదండ్రులు తమ మనసులో మాటని, బుద్ధినీ, అనుభవాన్నీ పిల్లలకి అందించే దారి మూసుకుపోతుందని. మనలో చాలామందికి ఇంగ్లీషు బాగానే వచ్చు కనక ఆ ఇబ్బంది మనకి లేదనిపిస్తుంది. కానీ పదిహేనేళ్ళ పిల్లకి మనసు కష్టపెట్టుకున్న రోజున, ఆఫీసు మీటింగుల్లో మనం వాడే ఇంగ్లీషుతో దగ్గరకి తీసుకోగలమా? అమ్మమ్మా తాతయ్యల సంగతి సరేసరి. ఫోనులో "బాగున్నావా? అన్నం తిన్నావా?" తరవాత మూడో మాట ఉండదు.

వారాంతపు తెలుగు బడులు ఇప్పుడు చాలా ఊళ్ళల్లో ఉన్నాయి, మంచి పని చేస్తున్నాయి. కానీ అక్కడ దొరికేది వారానికి ఒకటి రెండు గంటలు. అక్షరాలు అక్కడ నేర్పుతారు. ఆ భాషతో పని చేయించడం ఇంట్లోనే కుదురుతుంది. పిల్లలకి తెలుగు నేర్పడం ఒక పాఠంగా పెట్టుకోకుండా, వాళ్ళకి నచ్చే పనులు పెట్టి, ఆ పనులన్నీ తెలుగులో జరిగేలా చూడడం ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది. వేసవి సెలవల్లో ఆరు నుంచి ఎనిమిదేళ్ళ లోపు పిల్లలతో అలాంటి ఒక రోజు ఎలా గడపవచ్చో, ఏ పని వెనక ఏ కారణం ఉందో వరసగా చూద్దాం.

రోజంతా అంటే పన్నెండు గంటల పాఠం అని హడలిపోవద్దు. ఒక్కో పనీ 20 నుంచి 30 నిమిషాలు. మధ్యలో సైకిలూ, కార్టూన్లూ మామూలే. కావలసిన సామాను: ఐస్‌క్రీమ్ పుల్లలు ఒక వంద, రబ్బరు బాండ్లు, ఒక చేతి అద్దం, ఖాళీ గుడ్ల అట్టపెట్టె, చింతగింజలో రాజ్మా గింజలో ఒక గుప్పెడు, మూడు చిన్న గిన్నెలు, పాలు, పెరుగు.

ఉదయం 8 గంటలు: అమ్మమ్మకి ఒక ప్రశ్న

ఇండియాకి ఫోను చేసి పిల్లల చేతికిచ్చి "మాట్లాడు" అంటే ఏం మాట్లాడతారు? పెద్దవాళ్ళకైనా పని లేని ఫోను కష్టమే. అందుకని పిల్లలకి ఒక అసలైన ప్రశ్న ఇవ్వాలి. "అమ్మమ్మా, పెరుగు ఎలా తోడు పెడతావు? చలికాలంలో తోడుకోకపోతే ఏం చేస్తావు?" జవాబు ఆవిడకి తెలుసు, పిల్లలకి తెలియదు. ఇంకో గంటలో వాళ్ళకి ఆ జవాబుతో పని ఉంది. ఇక సంభాషణ దానంతట అదే నడుస్తుంది. మనం పక్కనుంచి అందించకుండా ఉండడం ఒక్కటే మనం చెయ్యాల్సింది.

ఫోను చేసే ముందు గడియారంతో ఒక చిన్న లెక్క. టెక్సస్‌లో వేసవిలో ఉదయం 8 గంటలయితే విజయవాడలో, హైదరాబాద్‌లో సాయంత్రం 6:30. కాలిఫోర్నియాలో 8 అయితే అక్కడ రాత్రి 8:30. ఆ అరగంట ఎక్కడినుంచి వచ్చిందని కాస్త పెద్ద పిల్లలు అడుగుతారు. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది. ఇండియా గడియారాన్ని గ్రీనిచ్‌కి 82.5 డిగ్రీల తూర్పున ఉన్న రేఖని బట్టి పెట్టుకున్నారు. 82.5ని 15తో భాగిస్తే ఐదున్నర. ఆ రేఖ మన కాకినాడకి కాస్త తూర్పుగా, సముద్రం మీంచి పోతుంది. గ్లోబు ఉంటే వేలితో చూపించండి.

9 గంటలు: మూడు గిన్నెల పెరుగు

అమ్మమ్మ చెప్పింది నిజమో కాదో చూడడం ఇప్పటి పని. పాలు కాచి చల్లార్చే పని పెద్దవాళ్ళది. గోరువెచ్చగా, అంటే సుమారు 110 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నప్పుడు పిల్లలకివ్వాలి. వంటింటి థర్మామీటరు ఉంటే వాళ్ళనే చూడనివ్వండి. మూడు గిన్నెల్లో ఒక్కో కప్పు పాలు పోయించాలి.

మొదటి గిన్నెలో చెంచాడు పెరుగు వేసి కలిపి, వెచ్చటి చోట పెట్టాలి. వెలిగించకుండా లోపలి దీపం మాత్రం వేసిన ఓవెన్ సరిపోతుంది. రెండో గిన్నె కూడా అక్కడే, కానీ అందులో తోడు వెయ్యం. మూడో గిన్నెలో తోడు వేస్తాం, కానీ ఫ్రిజ్‌లో పెడతాం. రెండో గిన్నెకీ మొదటిదానికీ తేడా ఒక్కటే. మూడోదానికీ మొదటిదానికీ తేడా ఒక్కటే. ఒక్కసారికి ఒక్కదాన్నే మార్చి చూడడం ప్రయోగాలన్నిటికీ పునాది. మనలో చాలామంది ఆఫీసులో ప్రోగ్రాముల్లో తప్పులు వెతికేదీ ఈ పద్ధతిలోనే.

పెట్టేముందు పిల్లల్ని అడగాలి: "దేంట్లో పెరుగవుతుంది? ఎందుకనుకుంటున్నావు?" ఇక్కడ తెలుగు పని మొదలవుతుంది. "తోడు వేస్తే తోడుకుంటుంది, వెయ్యకపోతే తోడుకోదు." "ఫ్రిజ్‌లో పెడితే చల్లగా ఉంటుంది కాబట్టి అవదు." ఈ "వేస్తే", "వెయ్యకపోతే", "కాబట్టి" అనే మాటలు ఆజ్ఞల్లో ఎప్పుడూ రావు. ఏదైనా ఊహించాలన్నా, కారణం చెప్పాలన్నా, ఒకరిని ఒప్పించాలన్నా ఇవి లేకుండా కుదరదు. పిల్లల తెలుగు నాలుగేళ్ళ దగ్గర ఆగిపోవడం అంటే ముఖ్యంగా ఈ మాటలు రాకపోవడమే.

తరవాత ఒక కాగితం మీద పట్టిక గీయాలి. అడ్డంగా గంటలు: 9, 11, 1, 4:30. నిలువుగా గిన్నె 1, 2, 3. ప్రతిసారీ చూసి "పాలు" అనో "పెరుగు" అనో తెలుగులో రాయాలి. ఊరికే పదిసార్లు "పాలు" రాయమంటే ఏ పిల్లలూ రాయరు. పట్టికలో గడి ఖాళీగా ఉంటే నింపకుండా ఊరుకోరు.

ఇదే సందులో కొలతలు. పావు కప్పు, అర కప్పు, ముప్పావు కప్పు. నీళ్ళతో నింపి చూస్తే అరా, పావూ కలిస్తే ముప్పావు. ముప్పావు అంటే మూడు పావులని పిల్లలే కనిపెడతారు. భిన్నాలు బళ్ళో రాకముందే చేతికి వస్తాయి.

10 గంటలు: పుల్లల కట్టలు

ఒకటో తరగతి పిల్లలు ఇంగ్లీషులో "సెవెంటీన్" విని 71 అని రాయడం మీరు చూసే ఉంటారు. ఆ మాటలో ఏడు ముందు వినిపిస్తుంది, పది తరవాత వినిపిస్తుంది. అంకెలు రాసేటప్పుడు పది ముందు రావాలి. తెలుగులో ఆ చిక్కు లేదు. పదిహేడులో పది ముందు, ఏడు తరవాత. పదకొండు నుంచి పంతొమ్మిది దాకా అన్నిట్లోనూ పది ముందే వస్తుంది. పన్నెండులోనూ పంతొమ్మిదిలోనూ పది కాస్త రూపం మార్చుకుంది, అంతే. అక్కడినుంచి ఇరవై ఒకటి, ముప్పై రెండు, తొంభై తొమ్మిది అన్నీ రాసిన వరసలోనే పలుకుతాం.

దీనివల్ల నిజంగా తేడా ఉంటుందా అంటే ఉంటుంది. 1995లో కెవిన్ మిల్లర్, ఆయన సహచరులు చైనా పిల్లలూ అమెరికా పిల్లలూ లెక్కపెట్టడం నేర్చుకునే తీరుని పోల్చారు. పది దాకా ఇద్దరూ సమానమే. పదకొండు మొదలయ్యాక అమెరికా పిల్లలు వెనకబడ్డారు. చైనా భాషలో ఆ అంకెల పేర్లు "పది-ఒకటి, పది-రెండు" అన్నట్టు సాఫీగా ఉండడం అందుకు కారణమని వాళ్ళు చెప్పారు. తెలుగు అంత సాఫీ కాకపోయినా, వరస మాత్రం అదే.

పని ఇది. పిల్లలు పుల్లల్ని పదేసి చొప్పున రబ్బరు బాండుతో కట్టలు కట్టాలి. మనం "నలభై ఆరు" అంటే నాలుగు కట్టలూ ఆరు విడి పుల్లలూ పెట్టాలి, పక్కన 46 అని రాయాలి. తరవాత వాళ్ళు పెడితే మనం చెప్పాలి. మధ్యలో మనం కావాలని తప్పు చెబితే వాళ్ళకి పట్టరాని ఆనందం.

లెక్కలోనే ఇంకో ఆట. తెలుగులో మనుషుల్ని లెక్కపెట్టే మాటలు వేరు. ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు. ఇంగ్లీషులో ఈ తేడా లేదు కనక మన పిల్లలు "రెండు అమ్మాయిలు" అంటారు. ఇంట్లో ఉన్న బొమ్మల్నీ, కుర్చీల్నీ, మనుషుల్నీ కలిపి గబగబా లెక్కపెట్టించండి: మూడు కుర్చీలు, ముగ్గురు మనుషులు. టెడ్డీబేర్ రెండా, ఇద్దరా అనే దగ్గర గట్టి వాదన నడుస్తుంది. అది తెలుగులో నడిస్తే ఆ పూట పని ముగిసినట్టే.

11 గంటలు: అద్దంలో నాలుక

మన అక్షరమాల ఏ వరసలో ఉందో, ఎందుకలా ఉందో చిన్నప్పుడు మనకెవరూ పెద్దగా చెప్పలేదు. ఇంగ్లీషు అక్షరాల వరసకి నోటితో సంబంధం లేదు. తెలుగు హల్లుల వరస నోటి పటం. పిల్లల చేతికి అద్దం ఇచ్చి క, చ, ట, త, ప నెమ్మదిగా పలకమనండి. గొంతు దగ్గర మొదలై, అంగుట్లోకి వచ్చి, నాలుక మడతపడి, పళ్ళకి తగిలి, చివరికి పెదవుల దగ్గర ఆగుతుంది. వెనకనుంచి ముందుకి ఒక ప్రయాణం.

తరవాత గొంతు మీద వేళ్ళు పెట్టుకుని "క, గ" అనమనండి. గ దగ్గర గొంతు అదురుతుంది. నోటి ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకుని "క, ఖ" అనమనండి. ఖ దగ్గర కాగితం ఎగురుతుంది. ఇప్పుడు క, చ, ట, త, ప అట్టముక్కల్ని నిలువుగా పేర్చి, గ, జ, డ, ద, బ ముక్కల్ని కలిపి ఇచ్చి, ఏది ఏ పక్కన ఉండాలో నోటితో పలికి చూసి పెట్టమనాలి. ఈ పది అక్షరాలూ మొదటి రోజుకి చాలు.

"తాత" అనమంటే మన పిల్లలు "టాటా" అనడం మీద మనం చాలా జోకులు వేసుకుంటాం. కానీ అందులో సంగతి ఉంది. ఇంగ్లీషు "టీ" అక్షరానికి నాలుక కొన పళ్ళ వెనక చిగురుకి తగులుతుంది. అది మన తకీ టకీ మధ్యలో ఉంది. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ కెనడాలో ఇంగ్లీషు ఇళ్ళల్లో పసిపిల్లల్ని పరీక్షించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు హిందీలోని త, ట ధ్వనుల తేడాని పట్టుకోగలిగారు. పది పన్నెండు నెలలకి ఆ శక్తి బాగా తగ్గిపోయింది. చుట్టూ వినపడని తేడాని చెవి వదిలేస్తుంది. మన పిల్లలు పుట్టినప్పటినుంచీ మన మాటలు విన్నారు కనక చెవిలో ఆ తేడా ఉండే ఉంటుంది. నాలుకకి అలవాటు చెయ్యడమే మిగిలింది.

దానికి జంట మాటలాట. పాట, పాత. కోట, కోత. కల, కళ. పిల్లలు మన వైపు వీపు పెట్టి నిలబడాలి. మనం ఒకటి పలికితే ఏదో చెప్పాలి. తరవాత వాళ్ళు పలకాలి, మనం చెప్పాలి. తప్పు పలికితే మనకి తప్పు వినిపిస్తుంది, అంతే. "సరిగ్గా పలుకు" అనే అవసరమే రాదు.

మధ్యాహ్నం: చుట్టాల చెట్టు

భోజనాల దగ్గర ఒక చిన్న పని: ఆరు రుచులు కంచంలో వెతకడం. ఐదు దొరుకుతాయి. వగరు కోసం ఒక పచ్చి అరటికాయ ముక్కో, దానిమ్మ తొక్కలోని తెల్లటి పొరో నాలుక మీద పెట్టించండి. ఆ ముఖం చూసి తీరాలి.

తిన్నాక కాస్త నిమ్మళంగా చేసే పని చుట్టాల చెట్టు. పెద్ద కాగితం మీద పిల్లల పేరు మధ్యలో రాసి, చుట్టూ కొమ్మలు గీయించాలి. ఇంగ్లీషులో అందరూ ఆంటీలు, అంకుల్‌లే. తెలుగులో పిలుపులోనే దారి ఉంది. పిన్ని అంటే అమ్మ చెల్లెలని, మేనత్త అంటే నాన్న తోబుట్టువని, బాబాయి అంటే నాన్న తమ్ముడని తెలిసిపోతుంది. "నాకు బాబాయి అయితే నీకేమవుతారు?" లాంటి ప్రశ్నలు చిన్న తర్కశాస్త్రమే.

ఈ చెట్టులో ఇంకో లాభం దాగి ఉంది. తెలుగు రాయడంలో పిల్లలు తడబడేది ఒత్తుల దగ్గర. చాలా హల్లులకి ఒత్తు అంటే తలకట్టు తీసేసిన అదే అక్షరం కింద రావడం. త, న, మ, య, ర, ల లాంటి కొన్నిటికి మాత్రం రూపం పూర్తిగా వేరు. ఆ వేరే రూపాలే తెలుగులో ఎక్కువగా కనిపిస్తాయి. ఇప్పుడు చుట్టాల్ని చూడండి. అమ్మలో మ ఒత్తు, నాన్నలో న ఒత్తు, అత్తలో త ఒత్తు, చెల్లిలో ల ఒత్తు, తాతయ్యలో య ఒత్తు. అక్కలో, అవ్వలో తేలికవి. కష్టమైన ఒత్తులు దాదాపు అన్నీ ఇంట్లో మనుషుల పేర్లలోనే ఉన్నాయి! విడిగా ఒత్తుల పట్టిక బట్టీ పట్టించే బదులు, పది మంది చుట్టాల్ని రాయిస్తే సరిపోతుంది. ఎవరి కొమ్మ దగ్గర వాళ్ళ ఫోటో అతికిస్తే ఆ అక్షరాలు మరిచిపోరు.

చెట్టు గీస్తూనే "మనం, మేము" సంగతి కూడా. ఇంగ్లీషులో రెండిటికీ ఒకటే మాట. "మేము ఇండియా వెళ్తున్నాం" అని అమ్మతో అంటే అమ్మని వదిలేసి వెళ్ళినట్టే! ఈ ఒక్క హాస్యంతో ఆ తేడా నాటుకుంటుంది.

3 గంటలు: వామనగుంటలు

ఇక్కడి కొట్లలో "మంకాలా" పేరుతో చెక్కపెట్టె అమ్ముతారు. దానికి బంధువే మన వామనగుంటలు. మన ఆటలో వరసకి ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు. డజను గుడ్ల అట్టపెట్టెలో వరసకి ఆరే ఉంటాయి కనక, చివర్లలో రెండు చిన్న కప్పులు చేర్చుకోవాలి.

గుంటకి 5 గింజలు వేద్దాం. మొత్తం ఎన్ని గింజలు కావాలి? లెక్క అక్కడే మొదలు. పద్నాలుగు ఐదులు డెబ్భై. ఆడేవాళ్ళు తమ వైపు ఒక గుంటలో గింజలన్నీ తీసి, వరసగా గుంటకొకటి వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోగానే తరవాతి గుంటలో గింజలు తీసి మళ్ళీ వెయ్యాలి. తరవాతి గుంట ఖాళీగా ఉంటే, దాని అవతలి గుంటలో గింజలన్నీ మనవే. అక్కడితో మన వంతు అయిపోతుంది. రెండు ఖాళీ గుంటలు పక్కపక్కనే వస్తే ఏమీ దొరకదు. ఊరికో పద్ధతి ఉంది. మీ ఇంట్లో అమ్మమ్మ పద్ధతి వేరైతే అదే ఆడండి. దాని కోసం ఇంకో ఫోను చెయ్యచ్చు.

రెండో ఆట నుంచి ఒక నియమం పెట్టండి: గింజ తీసేముందు ఎక్కడ ఆగుతుందో చెప్పాలి. "ఇక్కడినుంచి తీస్తే అక్కడ ఆగుతుంది, దాని పక్కది ఖాళీ, అప్పుడు నాకు ఆరు వస్తాయి." ముందు చూపు, కూడిక, తెలుగు మూడూ ఒకే వాక్యంలో. పొద్దున్న పెరుగు గిన్నెల దగ్గర నేర్చుకున్న "తే" ఇక్కడ గెలవడానికి పనికొస్తుంది. గెలుపు కోసం వాడిన మాట అంత తొందరగా మరుపుకి రాదు.

4:30: గిన్నెలు ఏం చెప్పాయి

ఇప్పుడు గిన్నెలు తెరవాలి. మొదటిది తోడుకుని ఉంటుంది. మరీ గట్టిగా లేకపోతే రాత్రి దాకా ఉంచండి. రెండోదీ మూడోదీ పాలుగానే ఉంటాయి. రెండో గిన్నెలోవి అంతసేపు వెచ్చగా ఉన్న పాలు కనక పారబొయ్యాలి, ఎవరూ తాగకూడదు.

కారణం చెప్పే వంతు ఇప్పుడు మనది. పెరుగులో కంటికి కనపడని బ్యాక్టీరియా ఉంటాయి. అవి పాలలోని చక్కెరని తిని ఒక పులుపుని తయారుచేస్తాయి. ఆ పులుపుకి పాలలోని మాంసకృత్తులు ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకడతాయి. తోడు వెయ్యకపోతే ఆ పనివాళ్ళే లేరు. ఫ్రిజ్‌లో పనివాళ్ళున్నారు కానీ చలికి పని చెయ్యరు. చలికాలంలో అమ్మమ్మ గిన్నెకి గుడ్డ చుట్టిందంటే ఇందుకే.

"పులుపైతే నిమ్మకాయ పిండొచ్చుగా?" అని పిల్లలు అడిగితే మీ రోజు సార్థకమయినట్టే. కొంచెం వేడి పాలలో మీరే పిండి చూపించండి. పాలు విరిగిపోతాయి. పులుపు ఒక్కసారిగా పడితే విరుగుడు, నెమ్మదిగా పుడితే పెరుగు. "విరగడం", "తోడుకోవడం" అన్న రెండు మాటలకీ తేడా ఇక ఎవరూ నిఘంటువులో చూపించక్కర్లేదు. రాత్రి భోజనంలో ఆ పెరుగే వడ్డించాలని వేరే చెప్పాలా?

రాత్రి: చేప ఎందుకు ఎండలేదు

పడుకునేముందు ఒక కథ. చిన్నపిల్లలకి ఏడు చేపల కథని మించింది లేదు. ఒక చేప ఎందుకు ఎండలేదన్న ప్రశ్న ఒకరి మీంచి ఒకరికి మారుతూ చీమ పుట్ట దాకా పోతుంది. కారణాల గొలుసు అది. కథ మనం చెప్పాక, రెండో రోజు రాత్రి వాళ్ళు చెప్పాలి. మూడో రోజు వాళ్ళ సొంత గొలుసు కట్టాలి: హోంవర్కు ఎందుకు చెయ్యలేదు? పెన్సిలు విరిగింది. పెన్సిలు ఎందుకు విరిగింది? ఇలా ఎక్కడికి పోతుందో చూడండి.

కథలు గుర్తులేవంటే పుస్తకాలున్నాయి. 1947 జులైలో మొదలైన చందమామ ఇప్పుడు రావడం లేదు కానీ, దాన్ని చదివి పెరిగిన మన బుర్రల్లో కథలకి కొదవ లేదు. మంచి పుస్తకం, తూలిక ప్రచురణలు పిల్లల కోసం తెలుగులో బొమ్మల పుస్తకాలు వేస్తున్నాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో ఉచితంగా చదువుకోవచ్చు.

కొన్ని జాగ్రత్తలు

పిల్లలు మధ్యలో ఇంగ్లీషు మాట్లాడితే ఆట ఆపవద్దు. "ఐ వాంట్ మోర్ గింజలు" అంటే, "ఇంకా గింజలు కావాలా? ఎన్ని కావాలి?" అని తెలుగులో అందుకుని ముందుకి పోవాలి. సరైన వాక్యం వాళ్ళ చెవిన పడింది, ఆటా ఆగలేదు. "తెలుగులో చెప్తేనే ఇస్తా" అని మొండికేస్తే తెలుగు ఒక జరిమానాగా మారుతుంది.

ఫ్రిజ్‌కీ, బ్యాక్టీరియాకీ అచ్చతెలుగు మాటల కోసం తడుముకోవద్దు. పేరు ఏ భాషదైనా ఫరవాలేదు, వాక్యం తెలుగుదైతే చాలు. అలాగే యాసల గొడవ పెట్టుకోవద్దు. ఒకరింట్లో ఆనపకాయ, ఇంకొకరింట్లో సొరకాయ. నాన్న వైపు మాట ఒకటి, అమ్మ వైపు మాట ఒకటి అయితే పిల్లలకి రెండు మాటలు వచ్చాయని సంతోషించాలి.

ఇద్దరు పిల్లలుంటే పెద్దవాళ్ళకి పట్టికా, గడియారమూ అప్పగించండి. తమ్ముడికి చెప్పడం కోసమైనా అక్క తెలుగులో ఆలోచిస్తుంది. పిల్లలిద్దరి మధ్యా తెలుగు బతికితే ఇంట్లో బతికినట్టే.

అన్నిటికన్నా ముఖ్యమైనది: ఇంటికి వచ్చినవాళ్ళ ముందు "అంకుల్‌కి తెలుగులో చెప్పు" అని నిలబెట్టవద్దు. నేర్చుకున్న మాటకి పరీక్ష పెట్టగానే అది నోట్లోంచి మాయమవుతుంది. ఆ అంకుల్‌ని వామనగుంటల దగ్గర కూర్చోబెట్టండి. మీ అబ్బాయే ఆయనకి ఆట నేర్పుతాడు.

వారానికి ఒక్కరోజు చొప్పున వేసవిలో పది వారాలు అనుకుంటే పది రోజులు. పెరుగు బదులు ఇంకోవారం ఇడ్లీ పిండి ఎంత పొంగుతుందో కొలవచ్చు. వామనగుంటల బదులు పులీ మేకా గీయచ్చు, నీడ పొడవు గంటగంటకీ కొలవచ్చు. ఏ పనైనా దాని మధ్యలో మూడు ప్రశ్నలుంటే చాలు: ఏమవుతుందనుకుంటున్నావు? ఎందుకు? అలా చెయ్యకపోతే ఏమయ్యేది? ఈ మూడింటికీ తెలుగులో జవాబు చెప్పగల పిల్లలకి రేపు పదిహేనేళ్ళు వచ్చాక అమ్మతో చెప్పుకోవలసిన మాటకి తెలుగు తక్కువ పడదు. వచ్చే శనివారం మూడు గిన్నెలు కడిగి పెట్టండి.